రిమోట్‌తో నడిచే టీవీ యాప్: ఫోకస్‌ను దారిలో పెట్టే పద్ధతి

ఫోన్ తెర మీద వేలు ఎక్కడ కావాలంటే అక్కడ నేరుగా వాలుతుంది. టీవీ ముందు కూర్చున్న మనిషికి ఆ వెసులుబాటు లేదు. ఆయన చేతిలో ఉన్నవి నాలుగు బాణం బటన్లు, వాటి మధ్య ఓకే, పక్కనే బ్యాక్. తెర మీద ఎక్కడికి వెళ్లాలన్నా ఒక్కో గడీ జరుపుకుంటూ వెళ్లవలసిందే. ప్రస్తుతం ఏ అంశం మీద ఉన్నామో చూపించే గుర్తును ఫోకస్ అంటారు. టీవీ యాప్‌లో దానికి మించిన కర్సర్ లేదు కాబట్టి, ఫోకస్ ఎక్కడ ఉందో చూసేవారికి ప్రతి క్షణం తెలియాలి, బాణం నొక్కితే అది ఎటు వెళుతుందో నొక్కక ముందే ఊహకు అందాలి, బ్యాక్ నొక్కితే బయలుదేరిన చోటికే తిరిగి రావాలి. ఈ మూడూ కుదిరిన యాప్ సాదాసీదాగా కనిపించినా జనం వాడతారు. కుదరని యాప్‌లో ఎంత అందమైన బొమ్మలు పెట్టినా రిమోట్ పక్కన పడేస్తారు.

విజయవాడ, గుంటూరు వంటి నగరాల్లో ఉత్సవాల ప్రసారాలకో, కోచింగ్ పాఠాలకో, స్థానిక కేబుల్ ఛానెల్‌కో టీవీ యాప్ తయారు చేయాలనుకునే చిన్న బృందాల కోసం ఈ వివరణ రాస్తున్నాను. ఉదాహరణకు ఒక యాప్‌ను ఊహించుకుందాం. మొదటి తెరలో పైన ఎడమవైపు యాప్ పేరు, కుడి మూలన వెతికే గుర్తు ఉంటాయి. వాటి కింద కార్యక్రమాల కార్డులు (బొమ్మా పేరూ ఉన్న పెట్టెలు) నాలుగు వరుసల్లో: ఇంద్రకీలాద్రి దసరా, కోటప్పకొండ తిరునాళ్ల వంటి ప్రత్యక్ష ప్రసారాలు ఒకటి, హరికథలూ బుర్రకథలూ ఒకటి, ప్రవచనాలు ఒకటి, పిల్లల కథలు ఒకటి. ఇంత మామూలు తెరలోనే రిమోట్ తికమకపడే చోట్లు చాలా ఉన్నాయి.

ముందు కాగితం మీద పటం

కోడ్ రాయక ముందు ప్రతి తెరనూ కాగితం మీద గీయండి. ఫోకస్ ఆగగల ప్రతి అంశం నుంచీ నాలుగు బాణాలు గీసి, ఒక్కొక్కటి ఎక్కడికి చేరుతుందో, ఎక్కడ ఆగిపోతుందో రాయండి. రంగులు, బొమ్మలు ఆ తరువాతి సంగతి. ఈ పటం గీస్తున్నప్పుడే చిక్కులు బయటపడతాయి: ఏ బాణమూ చేరని గుర్తు ఒకటి కనిపిస్తుంది, లోపలికి దారి ఉండి బయటికి లేని పెట్టె మరొకటి కనిపిస్తుంది.

పటం ఎందుకు, వ్యవస్థే చూసుకుంటుంది కదా అని కొందరు అడుగుతారు. చూసుకుంటుంది, కానీ దాని లెక్క దానిది. మీరు ఏ దిశలో నొక్కారో ఆ దిశలోని అంశాలన్నిటినీ ఆండ్రాయిడ్ పరిశీలించి, ప్రస్తుత అంశానికి సరిగ్గా ఎదురుగా పడేవాటికి మొగ్గు చూపుతుంది. అలా ఎదురుగా ఏదీ లేకపోతే, కదిలే దిశలోని దూరానికి వర్గం కట్టి 13తో హెచ్చించి, పక్కకు తప్పిన దూరపు వర్గాన్ని దానికి కలిపి, మొత్తం తక్కువగా వచ్చిన అంశానికి ఫోకస్ ఇస్తుంది. అంకెలు వేసి చూద్దాం. 40 పిక్సెళ్ల వెడల్పున్న చిన్న గుర్తు మీద ఉండి కింది బాణం నొక్కాము. అంతే వెడల్పున్న ఒక గుర్తు 180 పిక్సెళ్ల దిగువన, 60 పిక్సెళ్లు మాత్రమే పక్కకు ఉంది. మరొకటి 100 పిక్సెళ్ల దిగువనే ఉన్నా, 500 పిక్సెళ్లు పక్కకు పోయింది. మన కంటికి మొదటిదే కింద ఉన్నట్టు తోస్తుంది. లెక్కలో మొదటి దానికి 4,24,800, రెండో దానికి 3,80,000 వస్తాయి కనుక ఫోకస్ రెండో దాని మీదికి ఎగిరిపోతుంది. చూసేవారికి అది ఎక్కడికి పోయిందో అంతుపట్టదు.

మన ఉదాహరణలో ఈ ఇబ్బంది కుడి మూలనున్న వెతికే గుర్తు దగ్గర వస్తుంది. మొదటి వరుసలోని మొదటి కార్డు నుంచి పైకి నొక్కితే, యాప్ పేరు ఫోకస్ తీసుకునే అంశం కాదు కాబట్టి, ఫోకస్ తెర ఈ చివర నుంచి ఆ చివరకు దూకుతుంది. అక్కడి నుంచి కిందికి నొక్కితే మొదటి కార్డుకు కాక కుడివైపున్న మరో కార్డుకు వస్తుంది. వెళ్లిన దారి ఒకటి, వచ్చిన దారి ఒకటి అన్నమాట. దీనికి రెండు మందులున్నాయి. వెతికే గుర్తును ఎడమవైపుకు, వరుసల మొదలుకు నేరుగా పైన పెట్టడం మేలైనది. అమరికతోనే సమస్య తీరితే కోడ్‌తో తీర్చనవసరం లేదు. అది కుదరకపోతే తరువాతి ఫోకస్ ఎవరిదో మనమే చెప్పాలి. ఆండ్రాయిడ్ పాత పద్ధతిలో నెక్స్ట్‌ఫోకస్‌అప్, నెక్స్ట్‌ఫోకస్‌డౌన్ వంటి నాలుగు గుణాలు ఇందుకే ఉన్నాయి. తెరలు రాసే కొత్త పద్ధతి అయిన కంపోజ్‌లో ఫోకస్‌ప్రాపర్టీస్ ఆ పని చేస్తుంది. అయితే ఈ గుణాలను ప్రతి అంశానికీ తగిలించుకుంటూ పోతే, రేపు ఒక కార్డు చేర్చినప్పుడు దారులన్నీ తెగిపోతాయి. వ్యవస్థ లెక్క తప్పే చోట మాత్రమే వాడండి.

వరుస నుంచి వరుసకు

హరికథల వరుసలో ఏడో కార్డు దాకా వెళ్లి కింది బాణం నొక్కితే ప్రవచనాల వరుసలో ఏ కార్డు మీద వాలాలి? సరిగ్గా కింద కనిపించే కార్డు మీదనా, ఆ వరుసలో ఇంతకుముందు వదిలి వచ్చిన కార్డు మీదనా, మొదటి కార్డు మీదనా? మూడు పద్ధతులూ వాడుకలో ఉన్నాయి. వరుసలు పక్కకు జరగకుండా తెరలోనే ఇమిడిపోతే, కింద కనిపించేదే సరైనది, ఎందుకంటే కన్ను అప్పటికే అక్కడికి చేరి ఉంటుంది. వరుసలు పక్కకు జరుగుతూ, ఫోకస్ ఉన్న కార్డు ఎప్పుడూ ఎడమ అంచున నిలిచే అమరిక అయితే, ప్రతి వరుసా తాను వదిలిన కార్డును గుర్తు పెట్టుకోవడం మంచిది. మొదటి కార్డుకు తోసేసే పద్ధతి నాకు నచ్చదు; ఏడు కార్డులు జరిపి వచ్చిన మనిషి పొరపాటున కిందికి వెళ్లి మళ్లీ పైకి వస్తే, ఆ ఏడూ తిరిగి జరపవలసి వస్తుంది. ఏది ఎంచుకున్నా యాప్ అంతటా ఒకటే ఉండాలి. ఒక తెరలో ఒక తీరు, మరో తెరలో మరో తీరు ఉంటే చేతికి అలవాటు పడదు.

వరుస చివరికి వచ్చాక కుడి బాణం నొక్కితే మళ్లీ మొదటికి తిప్పాలా అన్నది మరో ప్రశ్న. కార్యక్రమాల వరుసల్లో తిప్పవద్దు. చివరి కార్డు దగ్గర ఆగితేనే వరుస అయిపోయిందని తెలుస్తుంది, బటన్ నొక్కి పట్టుకున్నవారికి ఆగే చోటు దొరుకుతుంది. ఎడమ చివర మాత్రం, పక్క మెనూ ఉన్న యాప్‌లో, మొదటి కార్డు నుంచి ఎడమకు నొక్కితే మెనూ తెరుచుకోవడం సహజం.

వరుసలోకి సమాచారం ఆలస్యంగా వచ్చే సందర్భం అన్నిటికన్నా చిక్కైనది. మనిషి ప్రవచనాల కార్డు మీద ఉండగా, అప్పుడే మొదలైన ప్రత్యక్ష ప్రసారం పేరుతో పైన కొత్త వరుస వచ్చి చేరితే, తెరంతా కిందికి జరుగుతుంది. ఆ క్షణంలో ఓకే నొక్కితే కోరనిది తెరుచుకుంటుంది. ఫోకస్ ఉన్న అంశం తెర మీద తన స్థానం మారకుండా, కొత్త వరుసను పైన కనబడని చోట చేర్చండి, లేదా మనిషి మొదటి తెరకు తిరిగి వచ్చేదాకా ఆపండి. దీనికి తలకిందుల సందర్భమూ ఉంది: ప్రసారం ముగిసిన కార్డును, ఫోకస్ దాని మీద ఉండగానే తీసేస్తే, ఫోకస్ గాలిలో కలిసిపోతుంది, ఆ తరువాత ఏ బాణం నొక్కినా కదలిక ఉండకపోవచ్చు. అంశాన్ని తొలగించే ముందు ఫోకస్‌ను పక్క కార్డుకు మార్చడం ఒక్క వరుస కోడ్ పని. దాన్ని మరిచిపోవడం వల్ల వచ్చే ఫిర్యాదు మాత్రం రిమోట్ పనిచేయడం లేదనే రూపంలో వస్తుంది కాబట్టి కారణం తొందరగా దొరకదు.

పది అడుగుల దూరం నుంచి కనబడాలి

టీవీని సుమారు 10 అడుగుల దూరం నుంచి చూస్తారన్న లెక్కతో తెరలు రూపొందిస్తారు. అంత దూరంలో సన్నటి నీలం గీతో, కాస్త మారిన నేపథ్య రంగో కనబడదు. ఫోకస్ ఉన్న కార్డును పదో వంతు పెద్దది చేసి, చుట్టూ మందమైన తెల్లటి అంచు పెట్టి, మిగిలిన వాటిని కొద్దిగా మసకబార్చడం ఎక్కువ ఇళ్లలో పనికివచ్చే పద్ధతి. రంగు ఒక్కదాని మీద ఆధారపడవద్దు. వెబ్ సౌలభ్య మార్గదర్శకాలు ఇటువంటి గుర్తులకు పక్క రంగుతో కనీసం 3:1 కాంతిభేదం కోరుతాయి. పగటి వెలుగు నేరుగా పడే హాలులో టీవీ చూసే మన ఇళ్లకు నేను అంతకన్నా ఎక్కువే పెడతాను.

తెలుగుకు ప్రత్యేకమైన జాగ్రత్త ఒకటుంది. ఇంగ్లీషు అక్షరాల కొలతతో గీసిన పెట్టెలో రాష్ట్రం, స్త్రీ, లక్ష్మీ వంటి మాటలు పెడితే కింద వత్తులు తెగిపోతాయి, పైన గుడులు అంచుకు తగులుతాయి. ఫోకస్ వచ్చినప్పుడు కార్డు పెద్దదవుతుంది గనుక, మామూలుగా ఉన్నప్పుడు సరిపోయిన శీర్షిక అప్పుడు తెగుతుంది. దాన్ని ఎవరూ ముందుగా పరీక్షించరు. అక్షరాల పంక్తుల మధ్య ఎత్తును అక్షరం పరిమాణానికి ఒకటిన్నర రెట్లకు తగ్గకుండా పెట్టి, వత్తు కింద వత్తు పడే మాటతోనే పరీక్షించండి. పొడవైన పేర్లను చుక్కలతో తుంచకుండా, ఫోకస్ వచ్చినప్పుడు మాత్రం మెల్లగా పక్కకు జరిగేలా చేయవచ్చు.

కొన్ని టీవీలు తెర అంచుల్ని కొంత కత్తిరించి చూపుతాయి. అందుకే నాలుగు వైపులా సుమారు 5 శాతం ఖాళీ వదలాలి: 1920×1080 తెరలో పక్కలకు 96 పిక్సెళ్లు, పైనా కిందా 54 పిక్సెళ్లు. నేపథ్య చిత్రం అంచు దాకా పోవచ్చు గానీ ఫోకస్ తీసుకునే ఏ అంశమూ ఆ హద్దు దాటకూడదు.

బ్యాక్ బటన్ బాధ్యత

బ్యాక్ నొక్కిన మనిషి ఒక్క మెట్టు వెనక్కి వెళ్లాలనుకుంటాడు, రెండు మెట్లు కాదు. హరికథ ఆడుతున్నప్పుడు తెర మీద నియంత్రణ పట్టీ కనిపిస్తుంటే మొదటి బ్యాక్ ఆ పట్టీని తీసేయాలి, రెండోది వివరాల తెరకు, మూడోది వరుసలకు తీసుకుపోవాలి. వరుసలకు తిరిగి వచ్చినప్పుడు ఫోకస్ ఆ హరికథ కార్డు మీదే, వరుస అంతే జరిగి ఉండగా కనిపించాలి. యాప్ మీద నమ్మకం నిలిచేది, పోయేది ఇక్కడే. ఏడో కార్డు తెరిచి చూసి, నచ్చక వెనక్కి వస్తే మొదటి వరుస మొదటి కార్డు దగ్గర నిలబెట్టే యాప్‌లో ఎవరూ రెండో కార్యక్రమం వెతకరు.

దీన్ని సాధించడానికి కార్డు ఎన్నో స్థానంలో ఉందో కాకుండా ఆ కార్యక్రమపు గుర్తింపు సంఖ్యను దాచుకోండి. వెళ్లి వచ్చేలోపు జాబితా మారవచ్చు. అప్పుడు ఏడో స్థానంలో వేరే కార్యక్రమం ఉంటుంది. ఆ కార్యక్రమమే జాబితాలో లేకపోతే దాని పక్కదానికి ఇవ్వండి. కంపోజ్‌లో ఫోకస్‌రెస్టోరర్ అనే సదుపాయం వరుసలో వదిలిన చోటును గుర్తుపెట్టుకుంటుంది గానీ, సమాచారం మళ్లీ తెప్పించుకునే తెరల్లో మన జాగ్రత్త మనకు ఉండాలి.

మొదటి తెర మీద బ్యాక్ నొక్కితే యాప్ నుంచి బయటికి పోవాలి. ఆండ్రాయిడ్ టీవీ మార్గదర్శకాలు అక్కడ నిజంగా వెళ్లిపోతారా అని నిర్ధారణ ప్రశ్న వేయవద్దని, బ్యాక్‌ను చుట్టూ తిప్పే దారిలో పెట్టవద్దని స్పష్టంగా చెబుతాయి. కిందికి చాలా దూరం వెళ్లినవారిని మొదటి బ్యాక్ తెర పైభాగానికో మెనూకో చేర్చి, రెండోది బయటికి పంపడం మాత్రం సబబే. మెనూలో తెర మీద వేరుగా వెనక్కి అని ఒక బొమ్మ బటన్ పెట్టడం దండగ. రిమోట్‌లో అది ఉంది.

నొక్కి పట్టుకుంటే ఏమవుతుంది

బాణాన్ని నొక్కి పట్టుకున్నప్పుడు టీవీకి ఒకే సంకేతం కాదు, వరుసగా అనేకం అందుతాయి. ఇన్ఫ్రారెడ్ రిమోట్లలో బాగా వాడుకలో ఉన్న ఎన్ఈసీ పద్ధతిలో 38 కిలోహెర్ట్జ్ తరంగం మీద మొదటి సంకేతం వెళ్లాక, బటన్ వదిలేదాకా దాదాపు 110 మిల్లీసెకండ్లకొకసారి పునరావృత సంకేతం వెళుతుంది. ఆండ్రాయిడ్ తనంతట తాను పుట్టించే పునరావృతం సాధారణంగా 50 మిల్లీసెకండ్లకొకటి. ఒక్కో కదలికకు మీ యాప్ 200 మిల్లీసెకండ్ల జరుగుడు చూపిస్తుంటే, సంకేతాలు పేరుకుపోతాయి. మనిషి బటన్ వదిలినా ఫోకస్ తన దారిన తాను పరిగెడుతూనే ఉంటుంది. తక్కువ మెమరీ ఉన్న చవక టీవీల్లో ఇది మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

పరిష్కారం సులభం. ఎన్ని సంకేతాలు వచ్చినా, జరుగుతున్న కదలిక ఒకటి, దాని వెనుక వేచి ఉన్నది ఒకటి, అంతకు మించి దాచవద్దు. బటన్ వదిలిన సంకేతం రాగానే వేచి ఉన్నదాన్నీ రద్దు చేయండి. నొక్కి పట్టుకున్నంత సేపు బొమ్మలు తెప్పించడం ఆపి, ఆగిన చోట మాత్రమే తెప్పించండి. బటన్ నొక్కిన తరువాత 100 మిల్లీసెకండ్ల లోపు ఫోకస్ కదిలితే మనిషికి వెంటనే కదిలినట్టే అనిపిస్తుంది కాబట్టి, ముందు ఫోకస్ అంచు కదలాలి, నేపథ్య చిత్రం ఆ వెనుక నింపాదిగా రావచ్చు.

ఓకే బటన్‌కు వ్యతిరేక సమస్య ఉంది. మన ఇళ్లలో రిమోట్‌కు ప్లాస్టిక్ కవరు తొడిగి ఉంచడం మామూలే; ఆ కవరు మీద నుంచి గట్టిగా నొక్కేవారి చేతిలో ఒక నొక్కు రెండుగా నమోదు కావచ్చు. కొత్త తెర తెరుచుకున్న వెంటనే మొదటి బటన్ కొనుగోలో తొలగింపో అయి ఉంటే, ఆ రెండో నొక్కు దాన్ని కూడా పూర్తి చేసేస్తుంది. అలాంటి తెరల్లో ఫోకస్‌ను వద్దు అనే బటన్ మీద పెట్టి, తెర కనిపించిన తరువాత అర సెకను దాకా ఓకేను పట్టించుకోకుండా ఉండటం క్షేమం.

అక్షరాలు, అంకెలు

రిమోట్‌తో రాయించడం వీలైనంత తప్పించండి. లాగిన్ కోసం ఈమెయిలు, పాస్‌వర్డు టీవీ మీద కొట్టించే బదులు, తెర మీద చిన్న కోడ్ చూపించి ఫోన్‌లో పూర్తి చేయించే పద్ధతికి 2019లో ఆర్‌ఎఫ్‌సీ 8628 పేరుతో ఇంటర్నెట్ ప్రమాణమే వచ్చింది. కోడ్‌లో అచ్చులకు చెందిన ఇంగ్లీషు అక్షరాలు లేకుండా చూడమని, అలా చేస్తే అనుకోకుండా మాటలు ఏర్పడవని ఆ పత్రం సూచిస్తుంది.

అంకెలు తప్పనిసరైతే అమరికను లెక్కగట్టి ఎంచుకోండి. విజయవాడ పిన్‌కోడ్ 520001 కొట్టాలనుకుందాం. 1 నుంచి 9, ఆపైన 0 ఒకే వరుసలో ఉండి, ఫోకస్ 1 మీద మొదలైతే, 24 కదలికలు, 6 ఓకేలు కలిపి 30 నొక్కులు పడతాయి. ఫోన్ మీద ఉండే మూడు నిలువు వరుసల అమరికలో 10 కదలికలు, 6 ఓకేలు, మొత్తం 16తో పని అయిపోతుంది. గుంటూరు 522001కి కూడా అచ్చంగా ఇవే లెక్కలు. ఒకే వరుసే ఉంచి, 1 నుంచి ఎడమకు నొక్కితే 0కు తిరిగేలా చేసినా 16కే దిగుతుంది. కార్యక్రమాల వరుసలో వద్దన్న చుట్టు తిరుగుడు ఇక్కడ పనికొస్తుంది, ఎందుకంటే పది అంకెల వరుస మొదలూ తుదీ అందరికీ కంఠస్థమే. అయినా ఫోన్ అమరికకే నా ఓటు, చూడకుండానే చేతికి వస్తుంది.

తెలుగులో వెతికే పెట్టె ఇంకా ఆలోచించి చేయవలసింది. ఫోన్ కీబోర్డునే పెద్దది చేసి టీవీ మీద పరిస్తే, అక్షరం ఎక్కడుందో వెతకడానికే తల ప్రాణం తోకకు వస్తుంది. పెద్దవారికీ పిల్లలకూ ఒకేలా తెలిసిన అమరిక పలకల నాటి వర్ణమాల. హల్లులను వర్గాల వారీగా ఐదేసి గడులుగా, క ఖ గ ఘ ఙ ఒక వరుస, చ ఛ జ ఝ ఞ దాని కింద, ఇలా ప వర్గం దాకా పేర్చి, తరువాత య నుంచి ఱ దాకా పెట్టండి. అచ్చులు వేరుగా పైన ఉండవచ్చు. ఙ ఎప్పుడూ వాడరు కదా అని తీసేస్తే గడుల చదరం చెడి, కింది అక్షరాలన్నీ స్థానం తప్పుతాయి. ఞ మాత్రం జ్ఞానం, విజ్ఞానం రాయడానికి నిజంగానే కావాలి.

హల్లు మీద ఓకే నొక్కగానే ఆ హల్లు గుణింతం, గ గా గి గీ గు గూ అంటూ, పైన ఒక వరుసగా కనిపించాలి. తలకట్టుతో ఉన్న అక్షరమే చాలనుకునేవారు అలాగే ముందుకు పోవచ్చు, లేకపోతే పైకి వెళ్లి కావలసిన రూపం ఎంచుకోవచ్చు. ఇందులో ఒక మెలిక ఉంది. గుణింతంలో గం ఉంటుంది గానీ గుం ఉండదు. సున్నను ఎప్పుడూ కనిపించే వేరే గడిగా పెట్టకపోతే గుంటూరు అనే పేరే రాయలేము. వత్తు కోసం కూడా ఒక గడి ఉండాలి: కృష్ణా అని రాయడానికి క, కృ, ష, వత్తు, ణ, ణా అని ఆరు ఓకేలు సరిపోతాయి. లోపల యూనికోడ్‌లో గుంటూరు ఏడు సంకేతాలు, కనబడే అక్షరాలు మూడు. తొలగింపు బటన్ ఈ రెండు లెక్కలనూ కాకుండా మనిషి వేసిన అడుగులను అనుసరించాలి. ట ఎంచుకుని, గుణింతంలో టూ చేసినవారు తొలగించు నొక్కితే ముందు ట మిగలాలి, మళ్లీ నొక్కితే అది పోవాలి.

ప్రతి అక్షరానికీ ఫలితాలు వడపోస్తూ పక్కనే చూపిస్తే, చాలామంది రెండు మూడు అక్షరాల దగ్గరే ఆగుతారు. హ్రస్వ దీర్ఘాల తేడాలను, ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టినప్పుడు వచ్చే వీ, డబ్ల్యూ తేడాలను వెతికేటప్పుడు పట్టించుకోకండి. రిమోట్‌లో మైకు ఉన్నవారికి మాటతో వెతికే దారి ఎలాగూ ముందుండాలి.

ఆడుతున్నప్పుడు

వీడియో తెర గురించి చెప్పవలసింది తక్కువ. నియంత్రణ పట్టీ కనబడకపోయినా ఓకే నొక్కితే ఆగాలి, మళ్లీ నొక్కితే సాగాలి. ఎడమ, కుడి బాణాలు 10 సెకండ్ల చొప్పున జరపాలి. నొక్కి పట్టుకుంటే అడుగు క్రమంగా పెరగాలి, లేకపోతే రెండు గంటల ప్రవచనంలో మధ్యకు చేరడం అయ్యే పని కాదు. ఆగి ఉన్నంత సేపు పట్టీని మాయం చేయకండి.

వేదికల తేడాలు

ఆండ్రాయిడ్ టీవీలో, ఆండ్రాయిడ్ మీద ఆధారపడిన ఫైర్ టీవీల్లో పై బాణానికి కీకోడ్ (ఏ బటన్ నొక్కారో యాప్‌కు చెప్పే సంఖ్య) 19, కిందికి 20, ఎడమకు 21, కుడికి 22, ఓకేకు 23, బ్యాక్‌కు 4 వస్తాయి. ఓకేకు బదులు ఎంటర్ సంకేతం 66 పంపే రిమోట్లు, కీబోర్డులు ఉంటాయి కాబట్టి రెండింటినీ ఒకేలా చూడండి. యాప్ మ్యానిఫెస్టులో, అంటే యాప్ అవసరాలను చెప్పే ఫైలులో, టచ్‌స్క్రీన్ తప్పనిసరి కాదని రాయకపోతే టీవీ దుకాణంలో మీ యాప్ కనిపించదు.

సామ్‌సంగ్ టైజెన్, ఎల్‌జీ వెబ్‌ఓఎస్ టీవీల్లో యాప్‌లు వెబ్ పేజీల్లాగే నడుస్తాయి. ఎడమ, పై, కుడి, కింది బాణాలకు వరుసగా 37, 38, 39, 40, ఓకేకు 13 రెండింటిలోనూ ఒకటే. బ్యాక్ మాత్రం టైజెన్‌లో 10009, వెబ్‌ఓఎస్‌లో 461. టైజెన్‌లో బాణాలు, ఓకే, బ్యాక్ వాటంతటవే అందుతాయి. ప్లే, పాజ్ వంటివాటిని ముందుగా నమోదు చేసుకోవాలి. బాణం సంకేతం అందగానే పేజీ తనంతట తాను జరిగే స్వభావాన్ని ఆపండి, లేకపోతే ఫోకస్ ఒకటి, పేజీ మరొకటి కదులుతాయి. ఎల్‌జీ మ్యాజిక్ రిమోట్ తెర మీద మౌసు బాణంలాంటి గుర్తును కూడా తిప్పుతుంది. ఆ గుర్తు ఏ కార్డు మీదికి వస్తే ఫోకస్ కూడా ఆ కార్డుకే మారాలి. రెండూ వేరువేరుగా వెలిగితే ఓకే దేనికి పోతుందో ఎవరికీ తెలియదు.

పరీక్ష

కంప్యూటర్ మీద కీబోర్డుతో పరీక్షించి సరిపెట్టుకోవద్దు. మౌసు తీసేసి, అసలు టీవీకి, అసలు రిమోట్‌తో, సోఫాలో కూర్చుని చూడండి. ఒకే దారిని పదేపదే నడిపించవలసినప్పుడు మాత్రం ఏడీబీ (కంప్యూటర్ నుంచి ఆండ్రాయిడ్ పరికరానికి ఆదేశాలు పంపే సాధనం) ద్వారా కీఈవెంట్ సంకేతాలను వరుసగా పంపే చిన్న స్క్రిప్టు సమయం ఆదా చేస్తుంది. 22ను ఏడుసార్లు, 20ను ఒకసారి, 23ను ఒకసారి, 4ను ఒకసారి పంపి ఫోకస్ ఎక్కడ తేలిందో చూస్తే బ్యాక్ గురించి పైన చెప్పినదంతా నిమిషంలో తేలిపోతుంది.

ఆ తరువాత టీవీ యాప్‌లు అలవాటు లేని పెద్దవారి చేతికి రిమోట్ ఇచ్చి, ఫలానా ప్రవచనం పెట్టండి అని మాత్రమే చెప్పి ఊరుకోండి. వారి వేళ్లను కాదు, కళ్లను గమనించండి. చూపు తెర మీద నుంచి రిమోట్ మీదికి దిగిన ప్రతిసారీ, ఏ తెరలో, ఏ అంశం దగ్గర దిగిందో రాసుకోండి. బాణం ఎటు పోతుందో ఊహ అందని చోటు అదే.

చివరగా చెడు సందర్భాలు. హరికథ మధ్యలో కరెంటు పోయి వచ్చినట్టు టీవీ ప్లగ్గు తీసి పెట్టండి. యాప్ తిరిగి తెరిచినప్పుడు ఆ హరికథ కొనసాగించే కార్డు మీదే ఫోకస్ ఉండాలి. ఇంటర్నెట్ తీసేసి ప్రతి తెరనూ తెరవండి; తప్పు జరిగిందని చెప్పే తెరలో మళ్లీ ప్రయత్నించండి అనే బటన్ ఉండి, ఫోకస్ అప్పటికే దాని మీద ఉండాలి. ఇంటర్నెట్ తిరిగి ఇచ్చి ఆ బటన్ మీద ఓకే నొక్కినప్పుడు, సమాచారం వచ్చేదాకా ఫోకస్‌ను అక్కడే నిలిపి, వచ్చాక మనిషి అంతకుముందు ఉన్న వరుసకు చేర్చండి.